పద్దెనిమిదేళ్లు నిండాక ఫైలు ఎవరిది?

బాలసదనంలో పెరిగిన అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండితే చిరునామా మారుతుంది. 2015 బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ ఇలాంటివారికి ఆర్థిక సాయం అందించవచ్చంటుంది. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం అది నెలకు 4,000 రూపాయలు. 21 ఏళ్ల దాకా, అవసరమైతే 23 దాకా. ఈ రోజుల్లో నాలుగు వేలకు హాస్టల్ గది దొరుకుతుందా అన్నది వేరే సంగతి. అసలు ఆ సాయం అడగాలన్నా, కాలేజీలో చేరాలన్నా ముందు కాగితాలు కావాలి. మార్కుల జాబితా బడిలో, టీకాల కార్డు సదనంలో, బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు జిల్లా కార్యాలయంలో ఉంటే, ఊరు మారిన పిల్ల ఎన్ని గుమ్మాలు ఎక్కాలి? వార్డెన్ బదిలీ అయ్యారంటే ఏది ఏ బీరువాలో ఉందో చెప్పే దిక్కుండదు.

తప్పిపోయిన పిల్లల జాడ తీసే ట్రాక్‌చైల్డ్ వంటి పాత పోర్టళ్లను మిషన్ వాత్సల్య పోర్టల్‌లో కలపడం మంచి పనే. శాఖలన్నీ ఒకే రికార్డు చూడగలిగితే తిప్పట తగ్గుతుంది. అయితే ఆ రికార్డు తెరిచే తాళం ఆ అమ్మాయి చేతిలోనూ ఉండాలని మా పట్టు. ఎవరికి ఎంత కనబడాలో కూడా తేల్చాలి. కాలేజీకి మార్కులు చాలు. తల్లి ఎందుకు వదిలేసిందో అక్కర్లేదు. ఈ సంచిక ప్రధాన వ్యాసం ఆ గీత ఎక్కడ గీయాలన్న చర్చే.