బతికున్నోళ్ల బతుకులతో ఆటలా?

కాగితం మీద గీసిన గీత ఎంత పని చేస్తుందో ఆకివీడు జనానికి ఒకరు చెప్పనక్కర్లేదు. 1999లో కొల్లేరును ఐదో కాంటూరు దాకా అభయారణ్యమని జీవోలో రాశారు. 2006లో చేపల చెరువుల గట్లు తెగాయి. రాసినవాడు హైదరాబాద్‌లో, అనుభవించినవాడు కొల్లేరు ఒడ్డున!

ఇవాళ అలాంటి రాత వికీపీడియాలోనూ నడుస్తోంది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. మంచిదే. విజ్ఞానం నలుగురు పండితుల సొత్తు కాదని మేమూ అంటాం. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియా ఇంతదాకా వచ్చిందంటే జీతం బత్తెం లేకుండా రాసినవాళ్ల చలవే. కానీ ఎవరైనా రాయొచ్చంటే ఎవరి మీదైనా ఏదైనా రాయొచ్చనా?

కొల్లేరు విస్తీర్ణం తప్పు రాస్తే కొల్లేరు ఏడవదు. బతికున్న మనిషి మీద తప్పు రాస్తే కొలువు పోతుంది, పెళ్లి చెడుతుంది, పిల్లలు బడిలో తల దించుకుంటారు.

2005లో అమెరికాలో సీగెంథాలర్ అనే పెద్దాయన పేజీలో, కెన్నెడీ సోదరుల హత్యల్లో ఆయన మీద అనుమానాలున్నాయని ఒకడు రాసిపడేశాడు. అంతా కట్టుకథే. నాలుగు నెలలపాటు దాన్ని తీసేసిన నాథుడు లేడు. ఆయనా జర్నలిస్టే కాబట్టి పత్రికకెక్కి కడిగేశాడు. మన ఆకివీడు మాస్టారికి ఆ గతే పడితే ఏ పత్రికకెక్కుతాడు? 2022లో అర్ష్‌దీప్ సింగ్ పాకిస్తాన్ మీద ఒక్క క్యాచ్ వదిలేస్తే చాలు, అతని పేజీలో ఖలిస్తాన్ అని చేర్చారు. కేంద్ర ప్రభుత్వం వికీపీడియా వాళ్లను సంజాయిషీ అడిగేదాకా పోయింది.

మనమేమైనా తక్కువ తిన్నామా? 2016లో రియోలో సింధు వెండి పతకం గెలిస్తే రెండు రాష్ట్రాలూ మా బిడ్డంటే మా బిడ్డని కొట్లాడుకున్నాయి. జనం ఆమె ఆట వదిలేసి కులం ఏమిటని గూగుల్‌లో వెతికారు. సిగ్గుచేటు!

సీగెంథాలర్ గొడవ తర్వాత నిబంధనలు వచ్చాయి. బతికున్నవాళ్ల మీద ఆధారం లేని ఆరోపణ కనిపిస్తే చర్చల కోసం ఆగకుండా వెంటనే తీసేయాలి. ఇంటి చిరునామా, ఫోన్ నంబరు పెట్టకూడదు. తనంతట తాను చెప్పుకుంటే తప్ప కులం రాయకూడదు. నిబంధనలు బాగానే ఉన్నాయి. కాపలా కాసే చేతులే చాలవు.

అసలు దొంగలం మేమే, పత్రికలవాళ్లం! డెడ్‌లైన్ ముంచుకొస్తే వికీపీడియా చూసి పుట్టిన తేదీ ఎత్తేస్తాం. రేపు అదే వికీపీడియా మా పత్రికను ఆధారంగా చూపిస్తుంది. అబద్ధానికి రెండు సంతకాలు పడ్డాయి. ఇక అది చరిత్రే! ఏలూరు 2022 ఏప్రిల్ 4 నుంచి వేరే జిల్లా. అంతకు ముందు ఏలూరు ఊళ్లో పుట్టినవాడు పుట్టింది పశ్చిమగోదావరి జిల్లాలో. ఈ చిన్న ముక్క సరిచూసి రాసే ఓపిక మాలో ఎంతమందికి ఉంది?

మా ఉద్యమ మిత్రులకూ ఒక మాట. మన చరిత్రను ఎవరో వంకరగా రాశారని రోడ్డెక్కినవాళ్లం మనం. గిట్టని నాయకుడి పేజీలో బూతు రాసి చప్పట్లు కొట్టించుకుంటే మనకూ వాళ్లకూ తేడా ఏముంది? తిట్టాలంటే పేరు పెట్టుకుని ఇలా పత్రికలో తిడదాం. విజ్ఞాన సర్వస్వంలో మాత్రం శత్రువుకైనా నిజమే రాద్దాం.

మీ ఊరివాళ్ల పేజీలు ఈ రాత్రే తెరవండి. తప్పుంటే చర్చ పేజీలో ఆధారం చూపించి అడగండి. ఆధారముంటే రాయండి. లేకుంటే చేతులు కట్టుకోండి!