ఆఖరి బాస్‌ను గెలవాలంటే కత్తి దించాలి

సెలవులు మొదలయ్యాయంటే పిల్లల ఓ.పి. దగ్గర తల్లులు చెప్పే మాట ఒక్కటే. “సిస్టరమ్మా, పొద్దంతా ఫోనే. అన్నం వద్దు, తానం వద్దు. పిలిస్తే పలకడు. గుంజుకుంటే ఇల్లు పీకి పందిరేస్తడు.” తలనొప్పి అని, కళ్లు మంటలని, రాత్రి నిద్ర లేదని తీసుకొస్తారు. డాక్టరుగారు చూసేలోపే బెంచీ మీద తల్లీబిడ్డల మధ్య యుద్ధం మొదలవుతుంది.

ఈ నెల ఆ యుద్ధం గురించే నాలుగు మాటలు రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. వీడియో ఆటలన్నీ ఒకటి కావు. ముగింపు ఉన్న ఆట వేరు, ముగింపు లేని ఆట వేరు. ముగింపు ఉన్న ఆటల్లో చివరి పోరు ఎలా గెలుస్తారో పెద్దలు ఒకసారి తెలుసుకుంటే ఇంట్లో జరిగే పోరు చాలావరకు తగ్గుతుంది.

ఆఖరి బాస్ ఎవరు?

పిల్లలు పజిల్ ప్లాట్‌ఫారం అని పిలిచే ఆటలు కొన్ని ఉన్నాయి. ఇది వికారాబాద్ జంక్షన్ ప్లాట్‌ఫారం కాదు. తెర మీద అరుగులు, మెట్లు, గోడలు ఉంటాయి. ఆడేవాడు ఒకదాని మీది నుంచి ఇంకొకదాని మీదికి దూకుతూ ముందుకు పోవాలి. మధ్యమధ్య తలుపు మూసి ఉంటుంది, దారి తెగి ఉంటుంది. అక్కడ చేతి చురుకుదనం చాలదు, చిక్కు విప్పాలి. ఇలా ఎన్నో ఘట్టాలు దాటాక చివర ఒక పెద్ద శత్రువు ఎదురవుతాడు. అతన్నే ఫైనల్ బాస్ అంటారు.

మన పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు కత్తికి చావడు. అతని ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. బాలవర్ధిరాజు గెలిచింది ఆ గుట్టు తెలుసుకొని. మంచి ఆటలో ఆఖరి బాస్ కూడా ఇంచుమించు అలాంటివాడే. ఎంత గట్టిగా కొట్టాలి అన్నది కాదు, చిలుక ఎక్కడుంది అన్నదే ప్రశ్న.

మారియో చెప్పే పాఠం

మన ఇళ్లలోకి ముందుగా వచ్చిన బాస్ మారియో ఆటలోనివాడు. జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ 1985లో ఈ ఆటను తెచ్చింది. తర్వాతి కాలంలో టీవీకి తగిలించే చౌక ఆటపెట్టెలతో, క్యాసెట్లతో అది ఊరూరా చేరింది. ఇందులో 8 లోకాలు, ఒక్కో లోకానికి 4 ఘట్టాలు, మొత్తం 32. ప్రతి నాలుగో ఘట్టం ఒక కోట. కోట చివర వంతెన మీద బౌజర్ అనే కొమ్ముల తాబేలు నిప్పులు కక్కుతూ నిలబడి ఉంటాడు. అతన్ని ఒక్క దెబ్బ కూడా కొట్టనక్కరలేదు. తప్పించుకొని అవతలి ఒడ్డున ఉన్న గొడ్డలిని తాకితే చాలు, వంతెన తెగి అతనే కింది నిప్పుల్లో పడిపోతాడు. చివరి కోటలో ఇంకో చిక్కు ఉంది. తప్పు దారి పట్టినవాడు తిరిగి తిరిగి అదే చోటికి వస్తాడు. దారి గుర్తు పెట్టుకున్నవాడే బౌజర్ దాకా చేరతాడు.

తాండూరులో మా తమ్ముడి కొడుకు చిన్నప్పుడు ఈ ఆట ఆడేవాడు. వాళ్ల అమ్మ అన్నానికి పిలుస్తుంటే, “అత్తా, జర నువ్వు చెప్పవా, ఆఖరి కోటకు వచ్చిన” అని నన్ను బతిమాలేవాడు. ఒకరోజు సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆటకు ఇంత ఏడుపా అని ఇంట్లోవాళ్లు నవ్వారు. దగ్గరికి తీసుకొని అడిగితే చెప్పాడు: ఆ ఆటలో ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే వీలు లేదట. ఆగితే మళ్లీ మొదటినుంచే. రెండు గంటల కష్టం ఒక్క క్షణంలో పోయింది. అంటే ఆ ఏడుపు మొండితనం కాదు, పోగొట్టుకున్నవాడి దుఃఖం. అది తెలిశాక వాడిని ఊరడించడం తేలికైంది.

ఈ ఆటలో ఇంకో సంగతి నాకు వార్డులో పనికొచ్చింది. మొదటి ఏడు కోటల్లో కనిపించేవాడు అసలు బౌజర్ కాదు. నిప్పు ఉండలు విసిరి ఓడిస్తే వేషం జారి చిన్న జంతువు బయటపడుతుంది. అసలువాడు ఎనిమిదో కోటలోనే ఉంటాడు. మా అనంతగిరి కొండ మీద క్షయ శానిటోరియం ఉన్న సంగతి ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. మామూలు క్షయకు మందులు 6 నెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, బరువు పెరుగుతుంది. ఇక జబ్బు పోయిందని మాత్రలు ఆపేసేవారు ఎంతోమంది. మిగిలిన క్రిములు మళ్లీ లేస్తాయి, కొన్నిసార్లు ఆ మందులకు లొంగకుండా లేస్తాయి. కుర్ర రోగులకు నేను చెప్పేది ఇదే: “దగ్గు తగ్గడం మొదటి కోట బాబూ. అసలువాడు ఇంకా ముందున్నాడు.” వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

తన నీడతో తానే

నా మనసుకు బాగా పట్టింది ఇంకో ఆట. దాని పేరు ప్రిన్స్ ఆఫ్ పర్షియా. అమెరికాకు చెందిన జోర్డాన్ మెక్నర్ అనే యువకుడు దీన్ని తయారుచేయగా 1989లో వచ్చింది. తన తమ్ముడు పరుగెత్తడం, దూకడం వీడియో తీసి, ఆ కదలికలను చూసి బొమ్మలు గీశాడు. మన దగ్గర కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆడిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులై ఉంటారు. సుల్తాన్ ఊళ్లో లేడు. మంత్రి జాఫర్ రాకుమారిని బంధించి, తనను పెళ్లాడాలి లేదా చావాలి అని గంట గడువు పెడతాడు. ఆడేవాడికీ అంతే గడువు, 60 నిమిషాలు. చెరసాల నుంచి బయలుదేరి ముళ్లగుంటలు, జారే పలకలు, మూసిన తలుపులు దాటి పోవాలి.

దారిలో ఒక నిలువుటద్దం అడ్డు వస్తుంది. అందులోంచి దూకితే తప్ప దారి లేదు. దూకగానే అతని నీడ విడిపోయి అవతలికి పారిపోతుంది. తర్వాత అది అతను తాగాల్సిన మందు తానే తాగేస్తుంది. దాటబోతుంటే తలుపు మూసి కింద పడేస్తుంది. చివరి ఘట్టంలో జాఫర్ కంటే ముందు ఆ నీడే కత్తి దూసి నిలబడుతుంది. పిల్లవాడు ఏం చేస్తాడు? కొడతాడు. నీడకు తగిలిన ప్రతి దెబ్బకూ తన ప్రాణమే తగ్గుతుంది. నీడను చంపితే తానూ చస్తాడు. గెలిచే దారి ఒక్కటే, కత్తిని ఒరలో పెట్టాలి. అప్పుడు నీడ కూడా తన కత్తిని దించుతుంది. ఇద్దరూ ఎదురుగా నడిచి ఒకటైపోతారు. ఆ తర్వాత ఖాళీగా కనిపించే అగాధం మీద అడుగు వేస్తే కాళ్ల కింద దారి పుడుతుంది. ఇక జాఫర్‌తో జరిగేది మామూలు కత్తి యుద్ధమే. అసలు పోరు అప్పటికే అయిపోయింది.

ఈ నీడ పుట్టుక కూడా విశేషమే. ఆనాటి చిన్న కంప్యూటర్‌లో కొత్త శత్రువు బొమ్మలు దాచడానికి చోటు మిగలలేదు. అందుకని రాకుమారుడి బొమ్మలనే కాస్త మార్చి నీడగా నిలబెట్టారు. ఇరుకులోంచి పుట్టిన ఉపాయమే ఆ ఆటలో అందరికీ గుర్తుండిపోయింది.

ఇది చదువుతుంటే మీకు మీ ఇల్లు గుర్తుకు రాలేదా? మన బిడ్డ మన నీడే. కోపం మననుంచి వచ్చిందే, మొండితనం మననుంచి వచ్చిందే. ఫోను గుంజుకొని వీపు మీద ఒకటి వేస్తే ఆ దెబ్బ ఎవరికి తగిలింది? రాత్రంతా నిద్రపట్టక కుమిలేది తల్లే. సుగర్ రోగుల్లోనూ ఇదే చూస్తాను. కాలి పుండు మానలేదని తన దేహం మీద తానే కోపగించుకొని, రెండు రోజులు పస్తుండి, మూడో రోజు ఇన్సులిన్ మానేసి, చివరికి స్పృహ లేకుండా వస్తారు. సొంత దేహాన్ని శత్రువును కొట్టినట్టు కొడితే తగ్గేది మన ప్రాణమే. రాజీపడి, దానితో కలిసి నడవడమే వైద్యం.

చివర లేని ఆటలు

నేను భయపడేది ఆఖరి బాస్ లేని ఆటలకు. ఒక మ్యాచ్ అయిపోతే వెంటనే ఇంకొకటి. రోజూ తెరిస్తే బహుమతి, తెరవకపోతే నష్టం. ఇందులో గెలిచి లేచిపోవడమంటూ ఉండదు. “ఒడిసింది అమ్మా” అని పిల్లవాడు ఎప్పటికీ అనలేడు, ఎందుకంటే అది ఒడవదు. అలా ఒడవకుండా ఉండేలాగానే దాన్ని తయారుచేశారు. బిడ్డ బలహీనుడని తిట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చింది. 2019లో ఆమోదం పొందిన ఆ జాబితా 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. గుర్తులు మూడు. ఆడటం తన అదుపులో లేకపోవడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం. చదువు, ఇల్లు, స్నేహాలు బాగా దెబ్బతినేలా ఇవి సాధారణంగా 12 నెలలపాటు కనబడాలి. సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువ ఆడినవాడు రోగి కాడు. అలాగే ఏడాదిగా బడి మానేసి గదిలో కూర్చున్నవాడిని “వయసు, అదే పోతుంది” అని వదిలేయకూడదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇలాంటివారి కోసం 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ ఉంది.

డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి వేరు. అది ఆట కాదు, జూదం. మన రాష్ట్రం 2017లోనే చట్టం మార్చి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ విషయంలో బేరం లేదు.

అయితే రాత్రంతా ఆడనివ్వాలా?

“సిస్టర్, మీరు ఆటను పొగుడుతున్నారు” అనేవారుంటారు. పొగడటం లేదు. ఎంత మంచి ఆటైనా నిద్రను, భోజనాన్ని, బయటి ఎండను మింగితే చెడ్డదే. రాత్రి పదకొండుకు ఆఖరి పోరు మొదలుపెట్టినవాడు పొద్దున బడిలో తూలుతాడు. నేను చెప్పేది ఆపవద్దని కాదు, ఆపే పద్ధతి తెలుసుకోమని.

1. ముందు ఆట పేరు అడగండి. “దీనికి చివర ఉందా? ఆఖరి బాస్ ఎవరు?” అనండి. ఈ ఒక్క ప్రశ్నకు బిడ్డ మీతో పావుగంట మాట్లాడతాడు. చివర ఉన్న ఆటలనే ఇంట్లో ఉంచండి.

2. ఇప్పటి ఆటల్లో చాలావాటిలో ఆగిన చోటును దాచుకోవచ్చు. “ఈ ఘట్టం అయ్యాక లేవాలి” అని మొదలుపెట్టకముందే ఒప్పుకోండి. లేవాల్సిన సమయానికి అయిదు నిమిషాల ముందు ఒకసారి గుర్తుచేయండి.

3. నిద్రకు గంట ముందే ఫోను పక్కన పెట్టాలి. రాత్రి అది పెద్దల ఫోనుతో కలిసి ముందుగదిలో ఉండాలి. పెద్దల ఫోను కూడా అన్నాను, గమనించండి.

4. రెండేళ్లు నిండని బిడ్డకు తెర చూపించవద్దని, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం తినిపించడానికి ఫోను ఇవ్వడం మానండి.

5. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలి. ఫోను తీసుకున్నప్పుడు చేతికి బంతి ఇవ్వండి. ఖాళీ చేతులు ఊరుకోవు.

6. బిడ్డ నిద్ర, బడి, మాట అన్నీ మానేస్తే, చచ్చిపోతానంటే, ఆ మాటను బెదిరింపుగా కొట్టేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంకొక్క మాట. బిడ్డ ఆఖరి బాస్ దాకా వచ్చిన రోజున పని పక్కన పెట్టి పది నిమిషాలు అతని పక్కన కూర్చోండి. పదిసార్లు ఓడిపోతాడు. ప్రతిసారీ ఎక్కడ తప్పిందో చూసుకొని మళ్లీ లేస్తాడు. ఆ ఓపిక చదువులో ఎందుకు లేదని ఆ రోజుకు అడగకండి. గెలిచాక ఎలా గెలిచావో చెప్పమనండి, చెప్పింది వినండి. ఆ తర్వాత అన్నానికి పిలవండి, చాలామంది పిల్లలు వస్తారు. రాకపోతే మా ఓ.పి.కి రండి. మందుల సంగతి తర్వాత, ముందు కూర్చుని మాట్లాడుకుందాం.

— నర్సింగ్ సూపరింటెండెంట్