చేతులు మరువని పని

డిమెన్షియా బారినపడిన వృద్ధులను ఆశ్రమాలలో రోజంతా టీవీ ముందు కూర్చోబెట్టి, దానిని కాలక్షేపమనడం తగదు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో దాదాపు 88 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నదని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. పేర్లు, తేదీలు చెరిగిపోయినా, చిరకాలం చేసిన పనిని చేతులు అంత త్వరగా మరువవు. ఒడిలో మల్లెమొగ్గలు, నార ఉంచితే ఒకనాడు మాలలు కట్టిన వ్రేళ్లు తమంత తామే కదలవచ్చు. దూదితో వత్తులు చేయడం, కందికాయలు ఒలవడం అట్టివే. అల్జీమర్స్‌లో ఘ్రాణశక్తి తరచు తొలిదశలోనే సన్నగిల్లుతుంది. కనుక పరిమళం ఒక్కదానినే నమ్ముకొనక స్పర్శను, పాటను తోడు చేసుకోవాలి.

అయితే అందరికీ ఒకే వస్తువు పనికిరాదు. నేతకారునికి నూలు, రైతుకు తడిమన్ను ఆత్మీయం. జీవితమంతా సంసారం నడిపిన ఇల్లాలి చేతికి పసిపిల్లల గిలక్కాయ ఇవ్వడం అవమానమే. అందుచేత ఆశ్రమంలో చేర్చుకొనేనాడు రక్తపోటు, మధుమేహాల గురించి అడిగినట్లే, చేసిన వృత్తిని, ఇష్టపడిన పాటలను గురించి కూడా కుటుంబాన్ని అడిగి వ్రాసుకోవాలి.

సిబ్బంది చాలరన్న మాట నిజమే. గింజలు నోట వేసుకొని పొలమారకుండా ప్రక్కన ఒకరుండవలసినదే. అయినా గంపెడు కందికాయలకు, అరగంట కాలానికి అయ్యే వ్యయం అధికమేమీ కాదు. ఒలిచిన గింజలు కూరకు పనికిరాకపోయినా ఫరవాలేదు. విసుగు కనిపించిన వెంటనే మాత్రం ఆపివేయాలి.