మూగబోయిన కంప్యూటరుకు కెర్నెల్ కషాయమా?



లినక్సు కంప్యూటరులో శబ్దం రాకపోతే చాలు, "కెర్నెల్‌ను మళ్లీ కంపైలు చేయండి" అని సెలవిచ్చే పెద్దలు ఇంకా ఉన్నారు. రోగమేదో చూడకుండానే శస్త్రచికిత్సకు పూనుకునే ఈ ధోరణిని నేను ఖండిస్తున్నాను.

మా తరగతికి వచ్చే పిల్లలు ముందుగా తమిళ లిపి నేర్చినవారు. ఆ లిపిలో క, గలకు అక్షరం ఒక్కటే. ఖ, ఘలు లేనే లేవు. కాలికీ గాలికీ గల భేదం వారికి చెవి ద్వారానే అందాలి. అందుకోసం పెట్టుకున్న కంప్యూటరులో ఒకనాడు స్పీకర్లు పలకలేదు. విషయం తెలిసిన మిత్రుడొకరు వచ్చి, 'మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' అనే ఆదేశంతో కొత్త కెర్నెల్‌ను తయారు చేశారు. స్పీకర్లు పలకలేదు సరికదా, అంతవరకు పనిచేసిన యూఎస్‌బీ హెడ్‌సెట్లు కూడా మూగబోయాయి! ఆ ఆదేశం ఆ క్షణాన నడుస్తున్న మాడ్యూళ్లను మాత్రమే ఉంచి, తక్కినవాటిని వదలివేస్తుంది. అప్పుడు హెడ్‌సెట్లు బీరువాలో ఉన్నాయి మరి. అసలు రోగమేమిటో రెండు వారాల తరువాత తెలిసింది: ఆల్సామిక్సర్ తెరమీద మాస్టర్ గడి కింద 'ఎంఎం' అని ఉంది. అనగా శబ్దం ఆపివేయబడి ఉంది. 'ఎం' మీట ఒక్కసారి నొక్కితే తీరిపోయే పని!

ఆ సలహాకు కాలం ఒకప్పుడు ఉండేది, కాదనను. 1998లో జరొస్లావ్ కిసెలా ప్రారంభించిన ఆల్సా 2002లో 2.5 అభివృద్ధి శాఖలో చేరి, 2003 డిసెంబరులో 2.6 కెర్నెల్‌తో అందరికీ అందింది. అంతకుముందు దానిని వేరుగా తెచ్చి, కెర్నెల్‌కు సరిపడేటట్లు కంపైలు చేసుకోవలసి వచ్చేది. నేటి పంపిణీలలో ఆ డ్రైవర్లు మాడ్యూళ్లుగా సిద్ధంగానే ఉంటాయి. కనుక ముందుగా ప్రాక్ డైరెక్టరీలో ఎసౌండ్ కింద ఉన్న కార్డ్స్ ఫైలును చూడండి. అందులో కార్డు పేరు కనబడితే మిక్సర్‌ను పరీక్షించండి. కనబడకపోతే కెర్నెల్ సందేశాలు చదవండి. ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదన్న ఫిర్యాదు అక్కడ ఉండవచ్చు. కెర్నెల్ జోలికి పోవడం ఆ తరువాతి మాట.

స్వయంగా కంపైలు చేసి నేర్చుకోవాలనే జిజ్ఞాస మంచిదే. అయితే ధ్వని డ్రైవర్లకు మెనూలో నక్షత్రం గుర్తు కాక 'ఎం' పెట్టండి. కెర్నెల్‌లోనే కలిపివేస్తే, ఫర్మ్‌వేర్ కావలసిన కొత్త ఇంటెల్ ల్యాప్‌టాపులలో డిస్కు అందుబాటులోకి రాకముందే డ్రైవరు దానికోసం వెతికి విఫలం కావచ్చు. ఇంటెల్ హెచ్‌డీ ఆడియోను ఎంచుకొని, రియల్‌టెక్ వంటి కోడెక్ మద్దతును మరచిపోయేవారూ కలరు. 'మేక్ మాడ్యూల్స్ ఇన్‌స్టాల్' చేయకుండా రీబూట్ చేసి, డ్రైవరే లేదని వాపోయేవారిని గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

పాత కెర్నెల్‌ను మాత్రం బూటు జాబితానుండి తొలగించకండి. మా గదిలో వినికిడి పాఠాలు మళ్లీ మొదలైనది దానితోనే.