పెట్టె కన్నా ముందు పూత

అరకు, పాడేరు వైపు అక్టోబరు వచ్చిందంటే వలిసెలు పూస్తాయి. ఆ పసుప్పచ్చని చేలల్లో ఫొటోలు దిగి వచ్చినవాళ్లలో ఏటా కొందరికి తేనెటీగలు పెంచాలని మనసు పుడుతుంది. నవంబరులో పెట్టె కొంటారు. పండగ పొద్దున అరిసెలకు బియ్యం నానబోసినట్టుంటుంది ఆ పని.

ఎందుకంటారా, ఈగ వయసు లెక్క చూడండి. తేనె వ్యాపారానికి పెట్టెల్లో ఎక్కువగా పెంచేది ఇటలీ ఈగనే. పట్టులోని అరలో రాణి పెట్టిన గుడ్డు మూడు రోజులకు పిల్లపురుగవుతుంది. ఆరు రోజుల పాటు మేత తింటుంది. ఆ తర్వాత కూలి ఈగలు ఆ అరకు మైనం మూత పెడతాయి. 21వ రోజున అందులోంచి కొత్త కూలి ఈగ బయటికొస్తుంది. వచ్చీ రాగానే పూల మీదికి పోదు. మొదట అరలు శుభ్రం చేస్తుంది, పిల్లలకు మేత పెడుతుంది. పొట్ట కింద మైనం ఊరే వయసుకు పట్టు కడుతుంది, కొన్నాళ్లు గుమ్మం దగ్గర కాపలా కాస్తుంది. ఇదంతా అయ్యేసరికి సుమారు మరో మూడు వారాలు గడుస్తాయి. అప్పుడు గానీ మకరందానికి బయల్దేరదు. పూతల కాలంలో దాని ఆయుష్షే ఆరు వారాలు. సగం బతుకు ఇంటి చాకిరీకి, మిగతా సగం బయటి చాకిరీకి సరిపోతుంది.

గుడ్డు నుంచి పువ్వు దాకా ఆరు వారాలన్నమాట. అక్టోబరు మొదట్లో వలిసె మీద వాలాల్సిన ఈగ ఆగస్టు చివరికల్లా అరలో గుడ్డుగా ఉండి తీరాలి.

ఆగస్టులో ఉండేది ముసురు. ఈగలు గడప దాటలేవు. పుప్పొడి రాదు గనక పిల్లలకు మేత ఉండదు. మంచి రోజుల్లో వెయ్యికి పైగా గుడ్లు పెట్టే రాణి కూడా అప్పుడు బాగా తగ్గిస్తుంది. పేరుకు రాణే గానీ, ఆమెకు మేత పెట్టేది కూలి ఈగలు. ఎన్ని గుడ్లు పెట్టాలన్నది చాలావరకు వాటి చేతిలోనే ఉంటుంది. ఆ కరువు వారాల్లో పంచదార పాకం పోసి, పట్టు మీద మైనపు చిమ్మట పడకుండా చూసి, జనాభా నిలబెట్టినవాడిదే అక్టోబరు తేనె. పూత మొదలవగానే పాకం ఆపెయ్యాలి. ఆపకపోతే అరల్లో చేరేది ఆ పాకమే. దాన్నే సీసాలకెత్తి తేనె అని అమ్మేవాళ్ల సంగతి మరోవారం రాస్తాను, ఓపికుంటే.

నా ఫిర్యాదు ఇక్కడే. తేనెటీగల పెంపకం అనగానే మాట పెట్టె దగ్గర మొదలై సబ్సిడీ దగ్గర ఆగిపోతుంది. పెట్టె గొప్పదే, కాదనను. పట్టుకూ పట్టుకూ మధ్య ఈగ తిరిగేంత సందు, ఆరు నుంచి తొమ్మిది మిల్లీమీటర్లు, వదిలితే ఈగలు అక్కడ మైనం కట్టవు, జిగురు పూయవు. ఈ రహస్యాన్ని లాంగ్‌స్ట్రాత్ అనే అమెరికన్ పాస్టర్ 1851లో పట్టుకున్నాడు కాబట్టే ఇవాళ చట్రాలను విడివిడిగా పైకి తీసి చూడగలుగుతున్నాం. కానీ కొలతలిస్తే పెట్టె మన ఊరి వడ్రంగీ చేస్తాడు. పూత నెలలు ఏ వడ్రంగీ చెప్పలేడు.

ఇంటి వెనక రెండు పెట్టెలు చాలనుకునేవాళ్లకు ఇటలీ ఈగ ఎందుకో నాకు అర్థం కాదు. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో ఉండే మన పుట్ట తేనెటీగ ఉందిగా. తేనె తక్కువే ఇస్తుంది, నిజం. మేత తగ్గితే చెప్పాపెట్టకుండా లేచిపోతుంది, అదీ నిజం. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణాదిలో వీటి పట్టులను తుడిచిపెట్టింది కూడా. అయినా ఇటలీ ఈగను పీల్చి పిప్పిచేసే వరోవా పురుగు అసలు ఈ జాతి మీద బతికినదే. తరతరాల సహవాసం వల్ల మన ఈగ దాన్ని ఒంటి మీంచి దులిపేస్తుంది, కొరికేస్తుంది. ఇటలీ ఈగకు ఆ విద్య అంతగా అబ్బలేదు, మందులు పెట్టాలి. కొండ తేనెటీగను మాత్రం ఎవరూ పెంచలేరు. బండ చరియకు ఒక్కటే పెద్ద పట్టు, బయటే కడుతుంది, పెట్టెలో ఇమడదు. నల్లమల చెంచులు తాళ్ల మీద వేలాడుతూ తీసేది ఆ తేనెనే.

పురుగుమందు సంగతి వేరే చెప్పాలి. పొద్దుతిరుగుడు తల విచ్చుకున్నాక పొద్దున్నే మందు కొట్టే రైతు, తన గింజ నిండటానికి వచ్చినవాళ్లనే చంపుకుంటున్నాడు. కొట్టక తప్పదంటే ఈగలు గూటికి చేరాక, పొద్దు గూకాక కొట్టాలి. ముందురోజే పక్క చేను పెట్టెలవాడికి కబురు పంపితే రాత్రికి రాత్రి పెట్టెలు ఎత్తుకుపోతాడు.

వ్యవసాయాధికారులకు ఒక మనవి. రైతు వేదికల గోడల మీద ఎరువుల పట్టిక పక్కనే ఆ ఊరి పూత పట్టిక కూడా రాయించండి. కానుగ ఎప్పుడు, చింత ఎప్పుడు, కుంకుడు ఎప్పుడు, ధనియాల చేను ఎప్పుడు. అది రాయడానికి నిధులక్కర్లేదు, ఊళ్లో నలుగురు పెద్దవాళ్లను అడిగితే చాలు. ఏడాదిలో ఏ నెలలు ఖాళీయో చూసుకున్నాక పెట్టె కొనాలో వద్దో ఎవరికి వారే తేల్చుకుంటారు.