ఊపిరికి కళ్ళెం



మొన్న సాయంత్రం మా చోడవరంలో ఇంటి అరుగుమీద కూర్చొని ఉండగా, బడినుంచి వస్తున్న కుర్రవాడొకడు ఆగి, "మాస్టారూ! మధ్యాహ్నం లెక్కల క్లాసులో కళ్ళు మూసుకుపోతున్నాయి. ప్రాణాయామం చేస్తే బోలెడు శక్తి వస్తుందటగా! గట్టిగా గాలి పీల్చడం నేర్పండి" అన్నాడు.

ఆ మాట వినేసరికి నేను చేసిన పాత తప్పు ఒకటి జ్ఞాపకం వచ్చింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకనాటి మధ్యాహ్నం తరగతి అంతా కునికిపాట్లు పడుతోంది. "లేవండి! అందరూ గబగబా గాలి పీల్చి వదలండి" అన్నాను. పిల్లలకు అది ఆటయింది. కొలిమి తిత్తుల్లాగా బుసలు కొట్టారు. రెండు నిమిషాలైనా కాకముందే వెనుక బెంచీలో ఒక పిల్లవాడు కళ్ళు తిరిగి కూలబడ్డాడు. పడుకోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా అడిగితే తెలిసింది: పొద్దుట ఏమీ తినకుండా పక్క ఊరినుంచి నడచి వచ్చాడట! వాడికి కావలసింది ఇంత చోడి అంబలి. నేనేమో గాలి పెట్టాను. అంతకుముందు వారం, కునుకుతున్నాడని అదే పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించినదీ నేనే.

వాడికి కళ్ళెందుకు తిరిగాయి? ఆకలి ఒక కారణం కావచ్చు. రెండో కారణం ఆ గబగబ ఊపిరి. మన రక్తం ప్రాణవాయువును మోసుకుపోయే బస్సు అనుకోండి. ఆరోగ్యవంతుడు ఊరికే కూర్చొన్నా, నూరు సీట్లలో తొంభై అయిదుకు పైగా నిండే ఉంటాయి. ఎంత తొందరపడి పీల్చినా ఇంకా ఎక్కేవారు కొద్దిమందే. కాని అలా బుసలు కొడితే బొగ్గుపులుసు వాయువు ఉండవలసినదానికన్న ఎక్కువగా బయటికి పోతుంది. అప్పుడు మెదడుకు పోయే రక్తనాళాలు సన్నబడతాయి, తల తిరుగుతుంది.

శక్తి వచ్చేది అన్నంనుంచి. దాన్ని ఒంట్లో మండించి పనికి తెచ్చేది ప్రాణవాయువు. పొయ్యిలో కట్టె లేకుండా గొట్టంతో ఎంత ఊదితే ఏం లాభం?

అయితే యోగాభ్యాసం దండగా? కానే కాదు. పతంజలి మహర్షి చెప్పిన ఎనిమిది అంగాలలో ఆసనం మూడవది, ప్రాణాయామం నాల్గవది. ముందు ఒళ్ళు, తరువాత ఊపిరి. గంటల తరబడి కదలక కూర్చొంటే రక్తం కాళ్ళలో నిలుస్తుంది. నడిచినా, మునివేళ్ళమీద లేచినా పిక్కలు బిగిసి దాన్ని పైకి తోస్తాయి. అందుకే పిక్కను రెండవ గుండె అంటారు. 2025 జూన్ 20న విశాఖపట్నంలో 22 వేలకు పైగా గిరిజన విద్యార్థులు ఒక్కసారిగా సూర్యనమస్కారాలు చేశారు. వాటిలో ఒళ్ళు, ఊపిరి జోడెద్దులవలె కలిసి నడుస్తాయి: వెనక్కు వంగేటప్పుడు పీలుస్తాము, ముందుకు వంగేటప్పుడు వదులుతాము.

ఇక ఊపిరి లెక్క. పెద్దవారు నిమిషానికి 12 సార్లు, ఊపిరికి 500 మిల్లీలీటర్ల చొప్పున పీలిస్తే 6,000. పై పైన 20 సార్లు, 300 చొప్పున పీల్చినా 6,000 మిల్లీలీటర్లే. కాని ప్రతి ఊపిరిలోనూ సుమారు 150 మిల్లీలీటర్లు ముక్కులోను, గొంతులోను, గాలిగొట్టంలోను ఉండిపోతుంది. అది తీసివేయండి. మొదటివారికి దక్కింది 4,200, రెండవవారికి 3,000. నిదానానికి ఉన్న లాభం చూశారా!

ఇలా చేయండి. నిటారుగా నిలబడి, చేతులు పైకెత్తుతూ, మునివేళ్ళమీద లేస్తూ పీల్చండి, దిగుతూ వదలండి. ఇలా అయిదుసార్లు. తరువాత కూర్చొని, మూడు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, అయిదు లెక్కపెడుతూ వదలండి. ఇది పదిసార్లు. బిగబట్టవద్దు. తిన్న వెంటనే చేయవద్దు. తల తిరిగితే ఆపండి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి చేయాలి.

"మరి కోడి రామమూర్తి నాయుడుగారు ఊపిరి బిగబట్టి ఇనుపగొలుసు తెంచేవారట కదా?" అంటారేమో. నిజమే. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసి, కలియుగ భీముడనిపించుకొని, 1942లో కన్నుమూసిన మహాబలుడాయన. విశాఖ సముద్రతీరాన వారి విగ్రహం చూడవచ్చు. కాని ఆ గొలుసు తెంపడం వెనుక కుస్తీలు, కసరత్తులు, ఏళ్ళ తరబడి సాధన ఉన్నాయి. వారి సాధన నేర్చుకోండి. గొలుసు జోలికి పోకండి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు రోజూ నీరసంగా ఉంటే సోమరి అనకండి. రక్తహీనత ఉన్నదేమో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించండి. ఆరు మొదలు పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి.

ఇంతకీ ఆ కుర్రవాణ్ణి అడిగాను: "పొద్దుట ఏమి తిన్నావురా?"

"ఇడ్లీలు తిన్నానండీ."

"రాత్రి ఎన్నింటికి పడుకొన్నావు?"

వాడు తల గోక్కొని, "ఫోను చూస్తూ... పదకొండున్నర అయిందండీ" అన్నాడు.

"అయితే మొదటి పాఠం తొమ్మిదింటికి పడుకోవడం. రెండవది రేపు పొద్దుట నేర్పుతాను, రా" అన్నాను.

మీకు ఈ నెల పని: మణికట్టు దగ్గర నాడి పట్టుకొని, నిదానంగా ఊపిరి పీలుస్తూ వదులుతూ గమనించండి. పీల్చేటప్పుడు గుండె కొంచెం త్వరపడుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. గుర్రానికి కళ్ళెం ఉన్నట్లు, గుండెకు ఊపిరి ఉన్నదని మీ వేళ్ళకే తెలుస్తుంది.