ఆదుకొన్నవాని లెక్క

సోమశిల వద్ద పెన్నానదికి కట్టిన ఆనకట్ట గేట్లెత్తిన నాడు చూడవచ్చే జనానికి లెక్క ఉండదు. అక్కడ నిలువ చేసిన నీరే కండలేరు చేరి, అటు నుండి చెన్నై నగరపు దప్పిక తీర్చుటకు కాలువ వెంట పోవునపుడు ఒడ్డున నిలిచి చూచేవారు అరుదు. ఆ సీమలోని ఆత్మకూరు, ఉదయగిరి పాఠశాలల్లోనే కాదు, ఎక్కడి పాఠశాలలోనైనా క్రికెట్ జట్టు సంగతి ఇట్లే ఉన్నది. కొత్తబంతి అందుకొన్న కుర్రవాడు వీరుడు. వాడు అలసిన తరువాత పిలుపు వచ్చేవాడు వట్టి అదనపు మనిషి.

అమెరికావారి బేస్‌బాల్ ఈ అన్యాయాన్ని కొంత సవరించుకొన్నది. అందులో బంతి విసరే పిచ్చరు అలసితే మరొకడు దిగుతాడు. తప్పుకొన్నవాడు ఆ ఆటలోకి మళ్లీ రారాదు. స్వల్పమైన ఆధిక్యాన్ని కడదాకా నిలబెట్టినవానికి 'సేవ్' అనే పేర 1969 నుండి అధికారికంగా లెక్క వ్రాస్తున్నారు. పనామా దేశపు జాలరి కొడుకు మేరియానో రివేరా అట్టివి 652 సాధించి 2013లో విరమించినాడు. 2019లో ఆ క్రీడ కీర్తిమందిరానికి ఆయనను ఎన్నుకొన్నపుడు 425 ఓట్లలో ఒక్కటీ తప్పిపోలేదు. అంతకుముందు ఎంతటి ఆటగానికీ ఆ గౌరవం దక్కలేదు.

క్రికెట్‌లో ఆ పట్టిక లేదు. ఆ మనుషులు లేకపోలేదు. సికింద్రాబాదులో పుట్టిన జైసింహను 1967-68 ఆస్ట్రేలియా పర్యటనకు మొదట ఎంపిక చేయనే లేదు. గాయాలతో జట్టు సన్నగిల్లగా పిలిపించినారు. 1968 జనవరిలో బ్రిస్బేనులో, తగిన సాధన లేకుండానే దిగి, 74, 101 పరుగులు చేసినాడు. జట్టు మాత్రం 39 పరుగుల తేడాతో ఓడినది. గెలుపును మాత్రమే లెక్కించే 'సేవ్' పట్టికలోనైనా ఇట్టివానికి చోటు దొరకదు. బేస్‌బాల్ వారి లెక్కలోని లోపమిది.

హైదరాబాదు ఆటోడ్రైవరు కుమారుడు సిరాజ్ కథ మరింత దగ్గరిది. 2020 నవంబరులో తండ్రి మరణవార్త ఆస్ట్రేలియాలో విని కూడా అక్కడనే ఉండిపోయినాడు. షమీ గాయపడగా మెల్బోర్నులో తొలి టెస్టు ఆడి, ఆ పరంపరలో 13 వికెట్లు తీసినాడు. 2025లో ఇంగ్లండులో ఐదు టెస్టులలోను వేసిన బంతులు 1,113. ఓవల్ మైదానంలో, బుమ్రా లేని ఆ చివరి టెస్టులో, క్యాచి పట్టి కూడా సరిహద్దు తాడు త్రొక్కినాడు. బతికిపోయిన బ్రూక్ శతకం చేసినాడు. మరునాడు, ఆగస్టు 4న, ఇంగ్లండుకు 35 పరుగులు కావలసి నాలుగు వికెట్లు చేతనుండగా, మూడింటిని సిరాజే పడగొట్టినాడు. ఆరు పరుగుల గెలుపు! పుస్తకంలో మిగిలినది మాత్రం 104 పరుగులకు ఐదు వికెట్లు.

వ్యాయామోపాధ్యాయులు స్కోరుపుస్తకంలో ఒక్క గడి అదనంగా గీసుకొనవచ్చును. బంతి ఎప్పుడు ఇచ్చినారు, అప్పటికి ఎదుటివారికి ఎన్ని పరుగులు కావలెను, ఎన్ని వికెట్లు మిగిలినవి అని అందులో వ్రాయవలె. ఓడిన ఆటలకు సైతం ఆ గడి నింపవలె.